మగ్గం ఆపమన్న మేనేజరు

తాతా,

మహారాజశ్రీ కంపెనీవారు ఇంటి నుంచి పని చాలించి బెంగళూరు ఆఫీసుకు రావలెనని ఆజ్ఞాపించినారు. వచ్చినాను. ఈడ పక్కపక్కనే కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్క్రీన్లలో మాట్లాడుకుంటాండాము.

మన ఎమ్మిగనూరు ఇంట్లో మీటింగప్పుడల్లా "మా మేనేజరుకు చప్పుడు పడదు, మగ్గం ఆపు తాతా" అని అరిచేవాణ్ణి. "ఆయప్ప నాకేమన్నా జీతమిస్తాండాడా?" అని గొణుక్కుంటానే ఆపేవాడివి.

నువ్వు పోయిన ఆర్నెల్లకు, ఈరోజు ఆ మేనేజరును మొదటిసారి ఎదురుగా చూసినాను. "మీటింగు మొదట్లో మీ ఇంట్లో టకటకమని ఏదో వినపడి ఆగిపోయేది. ఏందది?" అన్నాడు.

"మా తాత మగ్గం సార్."

"అయ్యో, ఆపడమెందుకు? వినడానికి బాగుండేది."

నీ ఆఖరి చీర ఇంకా మగ్గం మీద సగంలోనే ఉంది. ఆయన ఎప్పుడూ ఆపమనలేదు తాతా. మనది మగ్గం ఇల్లని తెలిస్తే నామోషీ అని నేనే ఆపించినాను.