తడి నేలలో మూడో వార్డు పునాదులు

అయ్యా,

విషయం: ప్రసూతి ఆసుపత్రి కొత్త భవనపు పైల్ పునాదులకు వానలు తగ్గకమునుపే మరల భార పరీక్ష జరిపించుట గురించి.

1. పునాది కోసం భూమిలో లోతుగా దించిన కాంక్రీటు స్తంభాల, అనగా పైల్స్ మీద బరువు మోపి, అవి ఎంత కుంగునో కొలుచుట నా ఉద్యోగము. ఈ భవనం పునాదులు పాసైనట్లు సంతకం చేసినది నేనే. ఆ పరీక్ష నిరుడు నడివేసవిలో జరిగినది. బంకమట్టి ఎండి, నెర్రెల్లో చెయ్యి దూరేది. ఆ పొడిమట్టి పైల్‌ను బిగించి పట్టుకున్నది. అరవై టన్నులకు నాలుగు మిల్లీమీటర్లే కుంగినది.

2. ఇరవై రోజులుగా వాన. అక్కడ నర్సుగా ఉన్న మా చెల్లెలు మొన్న ఫోను చేసి, "అన్నయ్యా, మూడో వార్డు తలుపు పడటం లేదు. మంచాలు వాటంతటవే గోడవైపు జరుగుతున్నాయి. బాలింతలు హడలిపోతున్నారు" అన్నది. వెళ్ళి చూచితిని. గోడ బీటలో నా వేలు పట్టినది.

3. తమ కార్యాలయ సూపరింటెండెంటు గారిని కలిసితిని.

"రిపోర్టులో సంతకం నీదేగా? అప్పుడు గట్టిగా ఉన్న నేలకి ఇప్పుడేమొచ్చింది?"

"తడిసింది సార్."

"వానొస్తే నేల తడవదా ఏంటయ్యా?"

"నేను మొత్తుకుంటున్నది అదే సార్!"

వారు ఫైలు మూసి భోజనానికి వెళ్ళినారు.

4. కాలు నిలవక, పరీక్ష కోసమే దించి ఆవరణలో వదిలేసిన పైల్ మీద నేనూ, బరువు మోపే జాకీని నడిపే మేస్త్రీ కలిసి నిన్న మరల బరువు మోపితిమి. నలభై టన్నులకే పంతొమ్మిది మిల్లీమీటర్లు! కుంగుబాటు చూపే మీటరు ముల్లు ఆగలేదు. "చాలు, బరువు దించేద్దాం" అన్నాడు మేస్త్రీ. అనుమతి లేకుండా చేసితిని. ఆ తప్పు నాది.

కావున వెంటనే మూడో వార్డు ఖాళీ చేయించి, తమ సమక్షంలో పరీక్ష జరిపించి, నా పాత రిపోర్టు రద్దు చేయవలెను. అయ్యా, ఎండలు ముదిరితే మట్టి మళ్ళీ బిగుస్తుంది. పైల్ మళ్ళీ పాసవుతుంది. నా సంతకం మళ్ళీ నిజమైపోతుంది. నాకు అన్నం సయించనిది అందుకే.

ఈ మనవితో పాటు ఇందలి తొందరను కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భార పరీక్షకుడు

తా.క.: కవరు అంటిస్తుండగా చెల్లెలి ఫోను. "ఆర్డరు కోసం ఆగలేదన్నయ్యా. పదకొండు మందినీ పిల్లలతో సహా పాత భవనంలోకి మార్చేశాం. ఇరుకుగా ఉందని తిడుతున్నారు, తిట్టనీ." అయ్యా, మంచాలు ఎవరు కదిలించమన్నారని సంజాయిషీ కావలసివస్తే ఆమెను అడగకండి. నేను చెప్పానని రాసుకోండి. కింద సంతకం పెడుతున్నాను. ఈ సంతకానికి వానా ఎండా ఒకటే.