ఎడమొహం పెడమొహం మైకులు

మార్చి 3, సోమవారం

వదిన డ్రమ్స్ నా స్టూడియోలోకి వచ్చాయి. అన్న మోశాడు, నేను పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పాను. వదినకి ఎనిమిదో నెల. ఈ వారం దాకా వాయించుకో, తర్వాత విశ్రాంతి అందట డాక్టరమ్మ. ఆవిడ వాయించే బ్యాండ్ వాళ్ల నాలుగు పాటలకీ డ్రమ్స్ ఈలోపే అయిపోవాలి. లేకపోతే వేరే డ్రమ్మర్ని చూసుకుంటారట. ఈ మాట అన్న చెప్పాడు. వదిన నోట రాలేదు.

వాళ్ల పెళ్లయి ఇన్నాళ్లయినా మా ఇద్దరి మధ్యా మర్యాదలు పోలేదు. ఆవిడ నన్ను మీరు అంటుంది. నేనూ అంతే. ఒకే ఇంటి మనుషులం, బస్సులో పక్కపక్క సీట్ల వాళ్లలా ఉంటాం.

మార్చి 4, మంగళవారం

కాలితో తొక్కి వాయించే కిక్‌కి ఒక మైకు, మోకాళ్ల ముందుండే చిన్న డ్రమ్ము స్నేర్‌కి పైనొకటి కిందొకటి, వాయించే మనిషి తల మీద రెండు. ఒక్కోదాన్నీ విడిగా వింటే బంగారం. అన్నీ కలిపితే నీళ్లు కలిపిన పాలు.

గాజు గోడ ఇవతల నుంచి అన్నాను, బలం రావట్లేదు వదినా అని. అంతే, గట్టిగా కొట్టింది. అయినా రాలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. చివరికి కర్రలు ఒళ్లో పెట్టుకుని, నాలో బలం లేదని నాకూ తెలుసు, ఆ ముక్క బ్యాండ్ వాళ్లకి నేరుగా చెప్పెయ్యండి, వేరే మనిషిని పిలుచుకుంటారు, అంది.

నేను సౌండ్ గురించి అన్నాను. ఆవిడ తన గురించి అనుకుంది. సర్దిచెప్పేలోపే వెళ్లి కార్లో కూర్చుంది.

నా నోటికి తాళం వెయ్యాలి.

మార్చి 5, బుధవారం, పొద్దున

నేనే డ్రమ్స్ ముందు కూర్చుని, వచ్చీరాని వాయింపుతో రికార్డ్ చేసుకున్నాను. నాదీ పలచనే. అంటే తప్పు వదినది కాదు. ఫేజ్!

స్నేర్ మీద దెబ్బ పడితే చర్మం కిందికి దిగుతుంది. పై మైకుకి దూరం జరుగుతుంది, కింది మైకు మీదికి వస్తుంది. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెం. రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. కింది మైకుకి, దాని శబ్దాన్ని తిరగేసి పై మైకుతో కలిపే ఫేజ్ బటన్ నొక్కాను. స్నేర్‌కి ఒళ్లొచ్చింది. కిక్‌కీ నొక్కి చూశాను. కుర్చీ అదిరింది. తల మీది రెండింట్లో ఒకటి స్నేర్‌కి దగ్గరగా, ఒకటి దూరంగా ఉన్నాయి. దారం పెట్టి కొలిచి సమానం చేశాను.

ఇది ఈ పనిలో అఆలు. నిన్న ఆవిడ అలసిపోతుందేమోనని ఆవిడనే చూస్తూ కూర్చున్నాను, మైకుల్ని చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

అన్న బతిమాలి వదినని తీసుకొచ్చాడు. నేను మాటలతో పెట్టుకోలేదు. నిన్నటి టేక్ వినిపించాను, బటన్ లేకుండా. తర్వాత బటన్‌తో.

ఇది నిన్నటిదేనా అంది. నిన్నటిదే అన్నాను. అదే చెయ్యి, అవే దెబ్బలు. ఆ బటన్ తనే నొక్కింది, తీసింది, నొక్కింది. కళ్లు తుడుచుకుని, ఇంత బుల్లి బటన్ కోసమా నన్ను అంత ఏడిపించావు, అంది.

ఏడిపించావు. చివర్న 'రు' లేదు. ఇద్దరం గమనించి, గమనించనట్టు ఊరుకున్నాం.

మొదటి పాట అయింది.

మార్చి 6, గురువారం

రెండో పాట, ఒక్క టేక్‌లో. రాయడానికేం లేదు, హాయిగా ఉంది.

మార్చి 7, శుక్రవారం

మళ్లీ పలచన! బటన్లు సరిగ్గానే ఉన్నాయి. బల్ల కింద దూరి కేబుల్సన్నీ చూసి, తలకి బొప్పి కట్టించుకుని బయటికొచ్చాను. దారం పెడితే తల మీది మైకులు సమానంగా లేవు. స్టాండ్లు మాత్రం నేలమీది టేపు గుర్తులు దాటలేదు. అంటే కదిలింది స్నేర్.

అడిగితే వదిన కర్రల వంక చూసుకుంది. పొట్ట అడ్డొస్తోందట. పొద్దున స్నేర్‌ని ముందుకి జరుపుకుందట. చెబితే, ఇక చాలు ఆపెయ్యమంటానని భయపడిందట.

మైకులు జరపడమే నా పని వదినా, పొట్ట జరపమని నిన్నెలా అడుగుతాను, అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ప్రతి టేక్‌కీ ముందు దారం ఒక కొస ఆవిడ పట్టుకుంది, ఇంకో కొస నేను. మూడో పాట కూడా దొరికింది.

మార్చి 8, శనివారం

అమ్మ దిగింది. కడుపుతో ఉన్న పిల్లని ఈ మోతలో కూర్చోబెడతావా, నీకు బుద్ధుందా అని గుమ్మంలోనే నాకు తలంటింది. వదినే అడ్డుపడింది. డాక్టరమ్మని అడిగే వాయిస్తున్నా అత్తయ్యా, ఇంకొక్క పాటే, మీరూ కూర్చుని వినండి, అంది. అమ్మ సోఫా అంచున కూర్చుంది, ఏ క్షణమైనా లేచి ఆపించడానికి. పాట సగంలో చూస్తే కాలు ఆడిస్తోంది. నేను చూడగానే ఆపేసింది.

చివర్లో వదిన ఒక దెబ్బ వదిలేసింది. సరిగ్గా అప్పుడే లోపలి మనిషి తన్నిందట. మళ్లీ వాయిస్తానంది. వద్దు, అలాగే ఉంచుదాం అన్నాను. అమ్మ కూడా ఉంచమని గట్టిగా చెప్పింది, దేన్నో తెలియకుండానే.

నాలుగు పాటలూ వదినవే.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆడపిల్ల. అన్న ఫోన్ పాప దగ్గర పెట్టి వినమన్నాడు. గుక్కపట్టి ఏడుస్తోంది. ఒకే ఒక్క మైకు, అదీ ఫోన్‌ది. ఎంత నిండుగా ఉందో!