డ్యాష్‌బోర్డు తెల్లబడ్డ నెల

1, ఆదివారం

ఒప్పందం కుదిరింది.

షెడ్డులో పాత కారు ఉంది. నాకంటే రెండేళ్లు పెద్దది. కొని ఆరేళ్లయింది. ఇంజను బాగుంది, సీట్లు బాగున్నాయి. లోపలి ప్లాస్టిక్ మాత్రం పచ్చబడిపోయింది. "లోపల బాగు చేశాక నిన్ను ఎక్కించుకుని తిప్పుతా" అని మా ఆవిడతో అనడం మొదలుపెట్టి కూడా ఆరేళ్లే. ఈలోగా ఆమె డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ డ్రమ్ముల సెట్టు ప్రస్తుతం భోజనాల బల్ల పక్కన ఉంది. ఆమెకు షెడ్డు కావాలి.

"ముప్పయ్యో తారీఖులోగా బాగుచేసి నన్ను తిప్పండి. షెడ్డు ఊసెత్తను. లేదా, బండి మా తమ్ముడికి ఇచ్చేస్తున్నా."

ఆ తమ్ముడికి హోటలుంది. కారును గుమ్మం ముందు నిలబెట్టి, ఇంజను తీసేసి, ఆ గుంటలో మట్టి పోసి పూలమొక్కలు పెంచాలని అతని కోరిక.

నెల రోజులెందుకు, నాకు పది చాలు. నేను పళ్ల డాక్టర్ని. పచ్చబడ్డవాటిని తెల్లగా చేయడం నా రోజువారీ పని.

తెల్లబడాల్సినవి: గాలి వచ్చే జాలీలు నాలుగు. స్టీరింగు కింది తొడుగు. గ్లవ్ బాక్సు మూత. గడియారం చుట్టూ ఉండే చట్రం. గుండీలు ఏడు.

అంతే!

2, సోమవారం

క్లినిక్ నుంచి వచ్చాక విప్పాను. స్క్రూలన్నీ స్టీలు ట్రేలలో, వరసగా, చీటీలు అంటించి. ఇరుకు చోట పని నా చేతులకు అలవాటే. గడియారం చట్రం మాత్రం రాలేదు. చివర్లో చూద్దాం. ఒక క్లిప్పు విరిగింది. అయినా కారు నొప్పి అనలేదు.

4, బుధవారం

పద్ధతి తేలిక. బ్యూటీ పార్లర్లలో జుట్టు రంగు తీయడానికి వాడే క్రీము తెచ్చి ముక్కకు పూయాలి. ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. ఎండలో పెట్టాలి. అందులో ఉండే మందూ, నేను పళ్లకు వాడే మందూ ఒకటే.

ఉదయం 10: ఒక జాలీని డాబా మీద పెట్టాను.

మధ్యాహ్నం 2: కడిగాను. తెల్లబడింది!!

షేడ్ గైడు పక్కన పెట్టి చూశాను. పళ్ల రంగు పోల్చడానికి మేం వాడే నమూనా పళ్ల వరస అది. ఉదయం జాలీ రంగు ఏ-4. అంటే ముప్పయ్యేళ్లు చుట్ట తాగినవాడి పన్ను. ఇప్పుడు బి-1. గైడులో దానికంటే తెలుపు లేదు.

మా ఆవిడకు చూపించాను.

"బాగుందే! నవ్వుతున్నట్టుంది. ఇంకా ఎన్నున్నాయి?"

"పదమూడు."

"అయితే కారెక్కేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో ఆలోచించుకోవచ్చన్నమాట."

వెటకారం కాదనే అనుకుంటున్నాను.

7, శనివారం

మబ్బు.

8, ఆదివారం

మబ్బు. రెండు జాలీలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, వాన పడితే పరుగెత్తి తీశాను. రోజంతా మెట్లెక్కి దిగాను. దీన్ని వ్యాయామం కింద జమ వేసుకుంటున్నాను.

10, మంగళవారం

ఎండ కోసం కాచుకుని కూర్చోవడమేమిటి? క్లినిక్‌లో పళ్లు తెల్లబరిచే నీలం లైటు ఉంది కదా.

భోజనాల వేళ స్టీరింగు తొడుగును పేషెంటు కుర్చీలో పడుకోబెట్టి, పళ్ల జెల్ పూసి, లైటు వేశాను. మా అసిస్టెంటు తలుపు తోసింది. పదకొండేళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్న మనిషి.

"సార్, మూడింటాయన ముందే వచ్చేశారు. కుర్చీలో ఎవరండీ?"

"ఎవరూ లేరు."

"మరి మెడకు గుడ్డ కట్టారేంటి?"

జెల్ కారకుండా కట్టాను. అందులో వింతేముంది?

మూడింటాయన ఇళ్ల బ్రోకరు. "డాక్టరుగారూ, నా పళ్లు కాగితంలా మెరవాలి. పార్టీ నా మొహం చూసే అడ్వాన్సు ఇచ్చేయాలి" అన్నాడు. ఆయనకు ఓపిగ్గా చెప్పాను: పన్ను పుట్టుకతో తెలుపు కాదు. ముందు అసలు రంగేదో చూసుకోవాలి. అక్కడ ఆగాలి. దాటితే కట్టుడు పళ్లంటారు. ఆయన బుద్ధిగా తలూపాడు. తీరా జెల్ కోసం చూస్తే లేదు. మొత్తం స్టీరింగు తొడుగు మీద ఉంది. వచ్చే వారం రమ్మన్నాను.

అసిస్టెంటు ఖాళీ జెల్ ట్యూబును తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. 

14, శనివారం

గ్లవ్ బాక్సు మూత చెడింది. ప్లాస్టిక్ కాగితం ముడతలు పడ్డచోటల్లా చారలు. దూరం నుంచి చూస్తే పాలరాయిలా ఉంది. దగ్గర నుంచి చూడకపోతే సరి.

15, ఆదివారం

దగ్గర నుంచి చూశాను. మళ్లీ క్రీము పూశాను.

19, గురువారం

చారలు పోయాయి. మూత ఎంత తెల్లబడిందంటే, దాని పక్కన మొదటి జాలీ పచ్చగా కనిపిస్తోంది. ఆ జాలీకి రెండో పూత వేశాను. ఇప్పుడు దాని పక్కన మూత పచ్చగా ఉంది.

ఈ మూడు రోజులూ డైరీ రాయకపోవడానికి కారణాలున్నాయి: ఒక జ్ఞానదంతం, ఒక జలుబు, కరెంటు కోత. కరెంటుకూ డైరీకీ సంబంధం లేదని ఇప్పుడే తట్టింది.

22, ఆదివారం

బావమరిది వచ్చాడు, టేపు పట్టుకుని. షెడ్డులో కారు పొడవు కొలిచాడు.

"బావా, నువ్వు నీ పని చేసుకో. నేను ఊరికే కొలుస్తున్నా."

"ఇంకా ఎనిమిది రోజులుందిరా."

"ఉంది, ఉంది. వెనక సీటు లోతెంత? చేపల తొట్టి పడుతుందా?"

"సీటు జోలికి రావద్దు!"

"అక్కా, చూడవే, బావ కేకలేస్తున్నాడు."

లోపల డ్రమ్స్ మోగుతున్నాయి. ఆమె వాయించడం బాగా మెరుగుపడింది. ఈ నెలలో ఈ ఇంట్లో మెరుగుపడింది అదొక్కటే.

27, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సాయంత్రం గడియారం చట్రం ఊడి వచ్చింది. దాని వెనకంతా నల్లటి మడ్డి, పాత జిగురు. మిగతా ముక్కల వెనకా ఇంతే. అటువైపు చూసేదెవరని నేను కడగలేదు. ఈసారి జిగురు వేలికి అంటుకుంటే స్పిరిటు దూదితో తుడిచాను. మడ్డి పోయింది. లోపల రంగు బయటపడింది.

తెలుపు కాదు. మీగడ రంగు.

మిగతా ముక్కలన్నీ తిప్పి తుడిచాను. ఎండ తగలని ప్రతి చోటా మీగడ రంగే. షేడ్ గైడు పెట్టాను. ఏ-2. ఈ కారు ఫ్యాక్టరీలోంచి ఏ-2లో బయటికొచ్చింది. నేను దాన్ని బి-1 కూడా దాటించి, గైడులో లేని తెలుపుకు తీసుకెళ్లాను.

అసిస్టెంటుకు ఫోను చేశాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

"ముందు అసలు రంగేదో చూసుకోవాలని బ్రోకరు గారికి మీరే చెప్పారు కదా సార్?"

"చెప్పాను."

"ఆయనకు బాగా అర్థమైందండీ. ఏ-2 దగ్గర ఆగుదామన్నారు."

29, ఆదివారం

టీ మరకలు పళ్లకు పడతాయి. ప్లాస్టిక్‌కు ఎందుకు పడవు? పెద్ద గిన్నెలో చిక్కటి డికాషన్ మరిగించి రెండు గుండీలు వేశాను.

మా ఆవిడ వంటింట్లోకి వచ్చింది. "అబ్బో, టీ పెట్టారే! నాకూ ఓ కప్పు పొయ్యండి." నేను నోరు తెరిచేలోగా గరిటె ముంచింది. గరిటెలో గుండీ వచ్చింది. దాని మీద 'వైపర్' అని రాసి ఉంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా, "మీకు ఒంట్లో బాగానే ఉందా?"

గుండీలు మీగడ రంగుకు రాలేదు. ఇటుక రంగుకు వచ్చాయి. ఉన్నవి ఉన్నట్టుగా రాత్రికి రాత్రి అన్నీ బిగించేశాను.

30, సోమవారం

బావమరిది తెల్లారగానే లారీ తెచ్చాడు. కారు తలుపు తీసి తల లోపల పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఇదేంటి బావా?"

"ఏం?"

"అంతా తెల్లగా, కాగితంలా... మధ్యలో ఈ ఎర్రవి రెండేంటి, చిగుళ్లా? పాత బండి పక్కన నిలబడి జనం ఫొటోలు దిగుతారని కదా నా ఆశ. పాతది పాతగా ఉంటేనే అందం. దీనికి నువ్వు పళ్లసెట్టు పెట్టేశావు."

"అంటే?"

"నాకొద్దు."

లారీ ఖాళీగా వెళ్లింది. కారు దక్కింది! చేతకానితనం వల్ల దక్కినా దక్కినట్టే.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "తిప్పుతానన్నారు. తాళం పెట్టండి." పెట్టాను. టిక్ అని ఊరుకుంది. నెలంతా తలుపులు తీసిపెట్టి, లోపలి లైటు వెలుగులో పనిచేశాను. బ్యాటరీ ఖాళీ.

"సరే. బండి మీరే ఉంచుకోండి. షెడ్డు నాది."

న్యాయమే. బావమరిదిని వెనక్కి పిలిచాను. ఇద్దరం నెట్టాం. ఆమె స్టీరింగు పట్టుకుని కూర్చుంది. హారన్ పనిచేయకపోతే నోటితో "పీప్! పీప్!" అంటూ ప్రహరీ గోడ దాకా తీసుకెళ్లి నిలిపింది. దూరం నలభై అడుగులు. దిగేటప్పుడు కొంచెం ఆలస్యం చేసింది.

1, మంగళవారం

కొత్త నెల, కొత్త తీర్మానం. పద్నాలుగు ముక్కలనూ మీగడ రంగుకు తెస్తాను. కచ్చితంగా ఏ-2. క్రీము లేదు, లైటు లేదు, టీ లేదు. ప్లాస్టిక్‌ను పచ్చగా మార్చేది ఎండే కాబట్టి ఎండలోనే పెడతాను. రోజూ గైడుతో పోల్చి, సరైన రోజున తీసేస్తాను. ముప్పయ్యో తారీఖుకల్లా పూర్తి.

ఉదయం 8: స్క్రూడ్రైవరు పట్టుకుని కారులో కూర్చున్నాను. షెడ్డులో డ్రమ్స్ ఆగాయి. మా ఆవిడ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"మళ్లీ విప్పుతున్నారా?"

"అసలు రంగు రావాలి కదా."

"వచ్చాక?"

"నిన్ను తిప్పుతా."

"తెల్లగా ఉంటే బండి నడవదా?"

స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.  ఇంజనుకు ప్లాస్టిక్ రంగుతో పని లేదు. ఆరేళ్లలో ఈ ముక్క నాకు తట్టలేదు.

ఉదయం 9: బ్యాటరీ చార్జింగులో పెట్టాను.

సాయంత్రం 5: స్టార్టయింది. ఆమె పక్క సీట్లో, తెల్లటి మూత మీద మోచేయి ఆనించి కూర్చుంది. నాలుగు వీధులు తిరుగుదామని బయల్దేరాం. "ఆపకండి" అంది. పెట్రోలు ముల్లు కిందికి పడేదాకా తిరిగాం.

తీర్మానం అలాగే ఉంది. మొదలు రేపటి నుంచి, రేపు ఆమె ఎక్కడికీ వెళ్దామనకపోతే.