గడియారం ఎక్కడ ఆపాను

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నాన్నా నేనూ కులాసా. బదిలీ అయిన ఊళ్ళో నీకు ఇల్లు దొరికిందని చదివి ఊరట పడ్డాం. నాన్న మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగావు. కంచం పక్కన పెడితే వేసుకుంటున్నారు. పెట్టకపోతే నాతోనే దెబ్బలాడుతున్నారు.

"నా సొరుగులు ఎలా ఉన్నాయే?" అని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ దాటేశాను. ఇప్పుడు చెబుతాను.

మా కాలేజీ లైబ్రరీలో నువ్వు పంతొమ్మిదేళ్ళు రాసిన పుస్తకాల కార్డులు మేలా, కొత్త కంప్యూటర్ మేలా అన్నదే నా ప్రాజెక్టు. ఇరవై ప్రశ్నలు తీసుకుని రెండు విధాలా వెతికాను. సగటున కార్డులతో పదకొండు నిమిషాలు, కంప్యూటర్‌తో రెండు అని రాసిచ్చాను. అది చూసి లైబ్రేరియన్ గారు కార్డుల సొరుగులు ఖాళీ చేయించారు.

కార్డులతో వెతికినప్పుడు పుస్తకం చేతికొచ్చేదాకా గడియారం చూశానమ్మా. కంప్యూటర్‌తో వెతికినప్పుడు తెర మీద జాబితా రాగానే ఆపేశాను. తెలిసే చేశాను. తేడా పెద్దగా ఉంటే మార్కులు బాగా పడతాయనుకున్నాను.

మొన్న ఒక జూనియర్ పాత బావుల గురించి వెతికింది. కంప్యూటర్ ఏమీ లేదంది. బావుల కార్డు మీద 'ఆరోగ్య నివేదికలు కూడా చూడండి' అని నువ్వు ఎర్ర సిరాతో రాసింది గుర్తొచ్చి, పుస్తకం తెచ్చిచ్చాను. "నీకెలా తెలుసక్కా?" అంది.

ఆ సాయంత్రమే ఆ ఇరవై ప్రశ్నలూ కంప్యూటర్‌తో మళ్ళీ వెతికి, ఈసారి పుస్తకం చేతికొచ్చేదాకా గడియారం చూశాను. సగటున తొమ్మిది నిమిషాలు. ఇరవైలో నాలుగు ప్రశ్నలకు దానికి పుస్తకమే దొరకలేదు.

ఈ ఉదయం వెళ్ళి చెప్పేశాను. మా సారు, "మార్కులు వెనక్కి తీసుకుంటానమ్మా" అన్నారు. తీసుకోమన్నాను. లైబ్రేరియన్ గారు తల పట్టుకున్నారు. "ముందే చెప్పి ఏడవొచ్చుగా తల్లీ! సగం కార్డులు చిత్తుకాగితాలుగా కౌంటర్ మీద పెట్టేశాం." మిగతావి తిరిగి సర్దే పని నాకే అప్పగించారు. అటెండరు కూడా చెయ్యి వేస్తున్నాడు. "అమ్మగారొస్తే మనిద్దర్నీ ఏ సొరుగులో పెడతారో!" అంటున్నాడు.

కౌంటర్ మీద వెనక వైపు ఖాళీగా ఉన్న కార్డులు ఎనిమిదే మిగిలాయి. ఈ ఉత్తరం వాటి వెనకే రాశాను. తిప్పి చూడు, నీ దస్తూరి చెక్కుచెదరలేదు. చదివాక తిరిగి పంపు. సొరుగుల్లో వాటి చోట్లు వదిలి సర్దుతున్నాను.

ఇట్లు,
ఇక దేన్నీ దాటెయ్యని
నీ చిన్నది