అమ్మ లేచి నిలబడింది

అక్కా,

నిన్న నీ జ్ఞాపకార్థ కూటం పెట్టాం. నీ విశ్వాసం గట్టిదైతే క్యాన్సర్ నయమయ్యేదని పాస్టరుగారు ప్రసంగంలో అన్నారు. అందరూ తలలు వంచుకున్నారు. మందిరంలో ఏనాడూ నోరెత్తని అమ్మ లేచి నిలబడింది.

"మణుగూరు దవాఖానాల పండుకొని కూడా నా బిడ్డ మీ పిల్లల కోసం ప్రార్థన చేసిందయ్యా. గట్ల అనకుండ్రి" అంది.

ఆయన వెంటనే పాట ఎత్తుకున్నారు. కూటం అయ్యాక ఎవరూ అమ్మతో మాట్లాడలేదు.

ఈ ఉదయం, ఆదివారం కదా, అమ్మ తెల్లచీర కట్టుకుని బైబిల్ చేతిలోకి తీసుకుంది.

"మళ్ల అక్కడికే పోతవా అమ్మా?" అన్నాను.

"దేవుడు ఆయన ఒక్కనికేనా బిడ్డా? జల్దీ తయారు కా."

నేను కదల్లేదు. అమ్మ ఒక్కతే వెళ్లింది. కాసేపటికి పాటలు ఇంటిదాకా వినిపించాయి. తలుపు మూయలేక, వెళ్లనూ లేక గుమ్మంలోనే కూర్చున్నాను అక్కా.

నీ చెల్లి