సత్తువ అనే మాట గురించి బావగారికి

బావగారికి, మేడ కింద మీ వడ్రంగి కొట్టులో కూర్చుని మీ బావమరిది నమస్కారాలతో రాస్తున్నాను.

జ్వరం తగ్గి నెలైనా మీరు మెట్లు దిగడం లేదు. "నాలో సత్తువ లేదు, కొట్టు అమ్మేస్తా" అన్నారని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందుకని ముందుగా ఆ మాట సంగతి నిఘంటువులో చూశాను. సత్తువ అన్నది సత్త్వం నుంచి వచ్చింది. దానికి మూలం సత్, అంటే ఉండడం. దుంగలెత్తడమని ఎక్కడా రాయలేదు.

నమ్మకం కుదరకపోతే నిన్నటి సంగతి గుర్తుచేస్తాను. నేను తలుపు చెక్క నున్నగా కావాలని చిత్రిక పడుతుంటే, ఆ చప్పుడు విని మీరు మంచం మీద నుంచే, "ఒరేయ్ దద్దమ్మా! చెక్క నారకు ఎదురు పడుతున్నావురా, పెచ్చులు లేచిపోతాయి!" అని అరిచారు. ఎదురింటి దర్జీ మిషను ఆపి పైకి చూశాడు. అక్క ఇన్నాళ్ళకు నవ్వింది.

కాబట్టి కొట్టు అమ్మవద్దని మనవి. మీ పీట తుడిచి కిటికీ పక్కన వేశాను. కూర్చుని నన్ను తిట్టండి, చాలు. రేపు ఉదయం రెండో తలుపు మొదలుపెడుతున్నాను. దానికీ నారకు ఎదురుగానే చిత్రిక పట్టాలని నిర్ణయించుకున్నాను. ఆ చెక్కను కాపాడుకునే భారం మీదే.

ఇట్లు,
మీ దద్దమ్మ