ముక్క తీయకుండా చెప్పిన మాట

3 ఫిబ్రవరి 1998, మంగళవారం

ఇవాళ బేరియం తాగించి తీసిన ఎక్స్-రే ఫిల్మును వ్యూ బాక్స్ మీద పెట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అన్నవాహిక నడిమి భాగంలో, ఒక పక్క నుంచి బత్తాయి తొన ఆనించినట్లు నున్నటి వంపు. అంచు ఎక్కడా చెదరలేదు. ఎండోస్కోపీలో పైపొర చక్కగా ఉంది. స్కోపు తగలగానే గడ్డ పొర కింద పక్కకు జరిగింది. పాలిప్ అయితే కాడ కనిపించాలి. సిస్ట్ అయితే సీటీలో నీరు తెలియాలి. రెండూ లేవు. ఇది కండర పొరలో పుట్టిన లియోమయోమా, క్యాన్సర్ కాని గడ్డ. పద్దెనిమిదేళ్ల సర్జరీలో నాకిది రెండవది. మొదటిదానికి అసిస్ట్ మాత్రమే చేశాను.

పేషెంటు గంగారత్నం గారు, యాభై రెండేళ్లు. కైకలూరులో చేపలు కొని హనుమాన్ జంక్షన్‌లో అమ్ముతారు. ఆరు నెలలుగా ముద్ద దిగడం లేదు. భర్త పెద్దబ్బాయి గారు మూడేళ్ల క్రితం నా పేషెంటే. ఆయనది క్యాన్సర్, దక్కలేదు.

4 ఫిబ్రవరి

కొడుకు మణికుమార్ ముక్క పరీక్ష చేయమని పట్టుబట్టాడు. వద్దన్నాను. ముక్క తీస్తే పైపొర గడ్డకు అతుక్కుంటుంది, ఆపరేషన్‌లో చిరుగుతుంది. పొర బాగుంటే గడ్డను మాత్రం ఒలిచి తీయవచ్చు. అతనికి అర్థమైంది. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వెళ్లిపోయారు.

9 ఫిబ్రవరి

ఇవాళ అడ్మిషన్‌కు రమ్మన్నాను. గంగారత్నం గారు రాలేదు.

11 ఫిబ్రవరి, ఉదయం 10

మణికుమార్ ఒక్కడే వచ్చాడు. అమ్మ ఆపరేషన్ వద్దంటోందట. చేపలమ్మే తక్కెడ కూడా కోడలికి అప్పగించేసిందట. ఓపీ ముగించి కారు తీయించాను.

సాయంత్రం 6

క్యాన్సర్ కాదని వాళ్లింటి అరుగు మీద కూర్చుని మళ్లీ చెప్పాను. ఆమె అన్నారు:

"మా ఆయనకీ ఇదే గొంతుతో చెప్పారు కదండీ, పుండే, తగ్గిపోద్దని. అట్టా చెప్పమని మీ కాళ్లట్టుకుంది నేనే. ఇప్పుడు మావాడు పట్టుకునుంటాడు. ముక్క కూడా తియ్యలేదంటే, అదేనని, తియ్యక్కర్లేదని మీకు తెలిసిపోయిందిగా."

కుటుంబాలు అడిగినప్పుడల్లా ఆ అబద్ధం చెప్పాను, దయ అనుకుని. ఈ నిజానికీ నా దగ్గర ఆ మాటలే ఉన్నాయి.

ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఈ రోజు కూడా నూటికి నూరుపాళ్లూ చెప్పలేనన్నాను. ఇలాంటి గడ్డల్లో ఎప్పుడో ఒకటి చెడ్డది కావచ్చు, తీసి ల్యాబ్‌కు పంపితేనే ఖాయమవుతుందన్నాను. మణికుమార్ కంగారుగా నన్ను ఆపబోయాడు. కొడుకు మొహం చూసి ఆమె మొదటిసారి నవ్వారు. తన భర్తకు అబద్ధం చెప్పినప్పుడు ఇలా అనుమానం మిగల్చలేదన్నారు. ఆ తరువాత, ఎప్పుడు రమ్మంటారని అడిగారు.

తిరుగుదారి పొడవునా డ్రైవరుకు కండర పొరల గురించి చెప్పాను. పాపం, విన్నాడు.

18 ఫిబ్రవరి

తీశాను! కుడి ఛాతీ తెరిచి, కండరాన్ని నిలువుగా విడదీయగానే తెల్లగా, గట్టిగా కనిపించింది. గడ్డకు ఒక కుట్టు వేసి పట్టుకుని, వేలితో నెమ్మదిగా ఒలిచాను. చివర ఒకచోట పొర ఉల్లిపొరలా పలచబడింది. ఛాతీలో నీరు పోసి, అన్నవాహికలోకి గాలి పంపాం. ఒక్క బుడగ రాలేదు, పొర చిరగలేదు. ఐదు సెంటీమీటర్ల గడ్డ, చెక్కుచెదరకుండా ట్రేలో ఉంది. నేను ఈల వేస్తున్నానని సిస్టర్ తెరేసమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

26 ఫిబ్రవరి

రిపోర్టు వచ్చింది. లియోమయోమా. చెడు కణాలు లేవు. ఆమె చేతికే ఇచ్చాను. కొడుకు చదివాక, తెరేసమ్మ చేత మరోసారి చదివించుకున్నారు. రెండు ఇడ్లీలు తిన్నారు.

5 మార్చి

భవానీపురం నుంచి ఒక పెద్దాయన. క్యాన్సరే. పుండని చెప్పమని కొడుకు కరిముల్లా బయట నా చేతులు పట్టుకున్నాడు. లోపలికి వెళ్లి, ఎంతవరకు చెప్పమంటారని ఆయననే అడిగాను.

అంతా చెప్పమన్నారు. చెప్పాను.